వెంకటలక్ష్మి గారింటి పొయ్యి గోడ

విఠల్‌ది కరీంనగర్ దగ్గర వడ్రంగుల కుటుంబం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చి పద్నాలుగేళ్లయింది. ఊరి దక్షిణాన పాపటోయిటోయిలో కాపురం, ఒక వ్యాను, ఒక్కడే పని. పాత ఇళ్లకు గదులు కలపడం, గోడలు కట్టడం చేస్తాడు. అతని పనికి వంక పెట్టడానికి లేదని అదే ఊళ్లోని మౌంట్ రాస్కిల్ పేట తెలుగువాళ్లు చెప్పుకునేవారు.

పోయిన జులైలో, అక్కడి చలికాలంలో, అంతకు రెండేళ్ల కిందట అతను కట్టిన గోడ ఒకటి లోపలి నుంచి కాలింది.

అది వెంకటలక్ష్మి, లక్ష్మణరావు దంపతుల ఇల్లు. ఇద్దరూ రిటైరయ్యారు. చలికి తట్టుకోలేక హాల్లో కట్టెల ఫైర్‌ప్లేస్ పెట్టించుకున్నారు. దాని ఇనుప పెట్టె చుట్టూ చెక్కతో గోడ కట్టింది విఠలే. పెట్టెకూ చెక్కకూ మధ్య వదలాల్సిన ఖాళీని ముందువైపు కొలిచాడు, పైన పొగగొట్టం దగ్గర కొలవలేదు. అక్కడ ఒక అడ్డచెక్క మరీ దగ్గరగా పడింది. అది ఎండి, లోలోపల మాడి, ఒక సాయంత్రం అంటుకుంది. ఫైరింజన్ వాళ్లు గోడను గొడ్డళ్లతో చీల్చారు. పొగ పీల్చిన లక్ష్మణరావు ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

విఠల్ మర్నాడు వెళ్లి చూశాడు. సగం కాలిన అడ్డచెక్క మీద తన పెన్సిల్ గీత కనిపించింది. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. తప్పు తనదేనని ఇన్సూరెన్స్ వాళ్లకు రాసిచ్చాడు. ఆ తర్వాత ఆకలి వేయలేదు, కోపమూ రాలేదు. భార్య ప్రణీత అన్నం పెడితే తినేవాడు.

"ఏమన్న మాట్లాడు" అనేది ఆమె.

"ఏం మాట్లాడాలె?" అనేవాడు. నిజంగానే అతనికి తెలిసేది కాదు.

సెప్టెంబరులో వెంకటలక్ష్మి ఫోన్ చేసింది. "విఠల్, గోడ మళ్లీ కట్టాలి. ఎప్పుడొస్తావు?"

"నేనా అమ్మా?"

"ఇంకొకళ్లయితే జరిగిందంతా మొదట్నుంచీ చెప్పుకోవాలి. నాకంత ఓపిక లేదయ్యా."

ఈసారి చెక్క వాడలేదు. నేలకూ పైకప్పుకూ రేకు పట్టాలు బిగించి, వాటి మధ్య చెక్క నిలువులకు బదులు స్టీల్ స్టడ్లు, అంటే మడిచిన రేకు కమ్మీలు, నిలబెట్టాడు. అవి బరువుండవు, వాసనా ఉండదు. ఒకటి కోస్తుంటే వేలు తెగింది. నేల మీద రక్తం చుక్కలు కనబడ్డాకగాని అతనికి తెలియలేదు.

లక్ష్మణరావు ఆసుపత్రి నుంచి వచ్చాక హాల్లో కూర్చోవడం మానేశాడు. వంటింట్లోనే కుర్చీ వేసుకునేవాడు. పని మొదలైన రెండో రోజు మధ్యాహ్నం హాలు గుమ్మం దాకా వచ్చాడు.

"ఇది అంటుకోదా?"

"రేకు అంటుకోదు సార్. ఖాళీ కూడ జరంత ఎక్కువే ఇడిసిన. పొగగొట్టం కాడ మూడుసార్లు కొలిచిన."

"అప్పుడెందుకు కొలవలేదు?"

విఠల్ డ్రిల్లు కింద పెట్టాడు. "యాదికి రాలే సార్. గంతే. ఇంకో కారణం లేదు."

లక్ష్మణరావు అతని తెగిన వేలికేసి చూశాడు. "వేలికి ఏదన్నా చుట్టుకో" అని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

స్టడ్ల మీద బోర్డులు బిగించకముందే నగర కౌన్సిల్ నుంచి ఒకామె తనిఖీకి వచ్చి, అన్నీ కొలిచి, బాగుందని సంతకం పెట్టింది. గోడ పూర్తయిన రోజు వెంకటలక్ష్మి మంట వెలిగించింది. విఠల్ గంటసేపు అక్కడే కూర్చుని, మధ్యమధ్య లేచి గోడ మీద అరచేయి ఆనించి చూశాడు. చల్లగానే ఉంది. సంతోషమేమీ కలగలేదు. సామాను వ్యాన్‌లో సర్దుకున్నాడు. భోంచేసి వెళ్లమంటే వద్దన్నాడు. ఆమె డబ్బాలో పప్పుచారు పోసి ఇచ్చింది.

ఇంటికెళ్లి అదే తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు ప్రణీతతో.

రెండు నెలల్లో అతను తిండి గురించి అన్న మొదటి మాట అది. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.

ఇప్పుడు విఠల్ ఇళ్ల బయట చెక్క అరుగుల్లాంటి డెక్‌లు, కంచెలు వేస్తున్నాడు. ఎవరైనా ఫైర్‌ప్లేస్ పని ఉందంటే ఇంకొకరి నంబరిస్తాడు.