నాంపల్లి ఒక స్టేషన్ జరిగింది

“…అట్లయితే నాంపల్లి ఎప్పుడు జరిగింది? జరిగితే ఇంట్ల ఒక్క మాట చెప్పొద్దా?”

“మొన్ననే గద, నిగార్, కాన్‌బెర్రా తెరిచిన్రు. నడుమల కొత్త స్టేషన్ వస్తే దాని తర్వాతవన్నీ ఒక్కొక్కటి జరుగుతయి. లెక్క అదే.”

“ఎవరి లెక్క? రైలోళ్ల లెక్కనా, మీ లెక్కనా?”

ఎదురు ఫ్లాటు సుధాకరరావు గారు ఖాళీ డబ్బా తిరిగిచ్చేందుకు వచ్చి గ్రిల్లు బయటే నిలబడిపోయారు. కాకినాడ వైపు మనిషి, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్నారు. సింగపూర్‌లో, యూ టీ పేటలో, తొమ్మిదో అంతస్తులో, నాంపల్లి జరగడమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. హైదరాబాదులో వీళ్లకేదో స్థలం ఉందనీ, హద్దుల తగాదా అనీ అనుకున్నారు. కోర్టులో వేశారా బాబూ అని మెల్లగా అడిగారు కూడా. స్థలం కాదంకుల్, స్టేషన్ అని చెప్పి నిగార్ డబ్బా అందుకుంది. ఆయన వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో వెనక్కి వెళ్లారు.

ఆ ఇంట్లో ముద్దూ మురిపెం ఉర్దూలో, పోట్లాట తెలుగులో. నిగార్‌ది నల్గొండ. పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఉర్దూలో ఎంత తిట్టినా మర్యాద చేసినట్టే ఉంటుందని ఆమె ఫిర్యాదు. అబ్దుల్ ఖాదిర్‌ది హైదరాబాదులో మెహదీపట్నం. తెలుగు బాగానే వచ్చు గానీ పెళ్లాంతో వాదించేటంత రాదు. అందుకని పోట్లాట మొదలయ్యేసరికే సగం ఓడిపోయి ఉంటాడు.

ఈసారి తప్పు కూడా అతనిదే.

ఖాదిర్ పాయా లేబర్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో పనిచేస్తాడు. బ్యాంకు కంప్యూటర్లు ఎక్కడ ఆగిపోయినా ముందు మోగేది అతని ఫోనే. పదిహేను నిమిషాల్లో కారణం చెప్పాలి, అరగంటలో బాగుచేయించాలి, గంటలో క్షమాపణ రాసి పంపాలి. కారణం దొరకని రోజుల్లో క్షమాపణతోనే మొదలుపెడతాడు. నలభై ఆరేళ్లకు జుట్టు మూడొంతులు పోయింది. జేబులో రెండు ఫోన్లు. ఒకటి ఇంటిది, రెండోది ఆఫీసుది. ఆఫీసు ఫోను మోగకపోయినా ఆ వైపు తొడ అదిరినట్టుంటుందని ఒకసారి డాక్టరుకు చెప్పాడు. ఆ ఫోను ఇంకో జేబులో పెట్టుకోమన్నాడు డాక్టరు. ఇప్పుడు రెండు తొడలూ అదురుతాయి.

ఈ బతుకులో అతనికి దొరికేది పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. ఆ రైల్లో ఖాదిర్ బ్యాంకు ఉద్యోగి కాడు, సిటీ బస్సు కండక్టరు.

ఆ బస్సు మెహదీపట్నం నుంచి చాదర్‌ఘాట్ మీదుగా పోయే ఎర్ర బస్సు. దాని మీదే అతను మూడేళ్లు కాలేజీకి వెళ్లాడు. కండక్టరు బసవయ్య. స్టాపు పేరు చెప్పి ఊరుకునే మనిషి కాదు, దాని మీద తన అభిప్రాయం కూడా చెప్పేవాడు. “మాసాబ్‌ట్యాంక్, ట్యాంకు లేదు, నీళ్లు లేవు, దిగుండ్రి. లక్డీకాపూల్, లక్డీ లేదు, పూల్ లేదు, దిగుండ్రి.” కట్టె వంతెన అని ఆ పేరుకు అర్థం. బస్సంతా రోజూ వినేదే అయినా రోజూ నవ్వేది. ఖాదిర్ సింగపూర్ వచ్చిన కొత్తలో, ఆఫీసులో బాగా చీవాట్లు తిన్న ఒక సాయంత్రం, రైలు తలుపులు మూసుకుంటుంటే అతని వేలి ఉంగరం దానంతటదే కమ్మీ మీద టక్ టక్ మంది. రైట్ రైట్. రైలు కదిలింది. ఆ రోజు ఇంటికి ఈల వేస్తూ వెళ్లాడు.

అప్పటి నుంచి యూ టీ మెహదీపట్నమైంది, వుడ్‌ల్యాండ్స్ మాసాబ్‌ట్యాంక్, సెంబవాంగ్ లక్డీకాపూల్. ఆ తర్వాత యీషున్ అసెంబ్లీ, ఖాతిబ్ నాంపల్లి. రైలు మారే బిషాన్ చాదర్‌ఘాట్. బిషాన్ అవతల పాయా లేబర్ దాకా ఏ పేరూ పెట్టలేదు. అది ఆఫీసు దారి, దాన్ని హైదరాబాదులో కలపడానికి మనసొప్పలేదు. యూ టీ అంటే చైనా వాళ్ల మాటలో నూనె గుంట అని కింద కాఫీ కొట్టు తాత చెప్పిన రోజున అతని ఆనందం చూడాలి. నూనె లేదు, గుంట లేదు, దిగుండ్రి అని కొడుకు జైద్‌ను నిద్రలేపి మరీ చెప్పాడు.

మొదట్లో నిగార్ నవ్వింది. తర్వాత అలవాటు పడింది. మాసాబ్‌ట్యాంక్‌లో ఉన్నా, పాలు తేవాలా అని అతను మెసేజ్ పెడితే, రెండు తెమ్మని జవాబిచ్చేది. అలా తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఉత్తర సింగపూర్‌కు అసలు పేర్లు వాడుకలో లేవు.

గొడవల్లా కాన్‌బెర్రాతో వచ్చింది. సెంబవాంగ్‌కూ యీషున్‌కూ మధ్య పోయిన నెల ఆ స్టేషన్ తెరిచారు. ఖాదిర్ లెక్కల మనిషి. వరసలో ఒకటి చేరితే దాని తర్వాతవి జరగాల్సిందే అని, అసెంబ్లీని కాన్‌బెర్రాకు ఇచ్చి, నాంపల్లిని ఖాతిబ్ నుంచి యీషున్‌కు, చాదర్‌ఘాట్‌ను బిషాన్ నుంచి ఖాతిబ్‌కు తెచ్చాడు. ఈ మార్పు మనసులోనే చేశాడు. ఇంట్లో చెప్పడం మరిచిపోయాడు.

ఆ గురువారం సాయంత్రం ఆరింటికి వాళ్లు యీషున్‌లో ఒక ఫ్లాటు చూడాలి. ఏ స్టేషన్‌లో దిగాలని నిగార్ అడిగితే నాంపల్లి అని మెసేజ్ పెట్టాడు. యీషున్ ఇళ్లకు ఖాతిబ్ స్టేషన్ కూడా దగ్గరే కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. తను టీచరుగా పనిచేసే చిన్నపిల్లల బడి నుంచి నేరుగా ఖాతిబ్‌కు వెళ్లి నిలబడింది. అతను యీషున్‌లో నిలబడ్డాడు. రైల్లో కండక్టరు డ్యూటీ చేస్తూ వచ్చాడు గనక ఇంటి ఫోను సంచిలో మూగగా పడి ఉంది. ఆఫీసు ఫోను మాత్రం సరిగ్గా అప్పుడే మోగి నలభై నిమిషాలు వదల్లేదు. నిగార్ పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఇంటి యజమాని, ఒక ముసలి చైనా ఆయన, చూసి చూసి తాళం వేసి కూతురింటికి భోజనానికి వెళ్లిపోయాడు. శనివారం పదింటికి ఇంకోసారి చూపిస్తాననీ, పదిన్నరకు వేరేవాళ్లు కూడా వస్తున్నారనీ ఏజెంటమ్మాయి మర్యాదగానే చెప్పింది.

“బిషాన్‌కు ఏం పేరు పెట్టిన్నో తెలుసా?” అన్నాడు ఖాదిర్, ఆఖరి అస్త్రంగా. “చాదర్‌ఘాట్ జరిగింది గద, జాగ ఖాళీ అయింది. నీ కోసమని నల్గొండ చౌరస్తా అని పెట్టిన.”

నిగార్ పెదవి ఒక మూల కదిలింది. వెంటనే సర్దుకుంది.

“నాకు చౌరస్తా వద్దు, ఖాదిర్ సాబ్. గోడ కావాలె.”

ఉంటున్నది అద్దె ఫ్లాటు. గోడలకు మేకులు కొట్టకూడదని ఒప్పందంలోనే ఉంది. పెళ్లప్పుడు నిగార్ నాన్న చేయించి ఇచ్చిన ఆయతుల్ కుర్సీ అనే ఖురాన్ వాక్యం ఫ్రేము తొమ్మిదేళ్లుగా ఫ్రిజ్ మీద గోడకు చేరగిలబడి ఉంది. ఫ్రిజ్ తలుపు గట్టిగా వేస్తే అది ముందుకు జరుగుతుంది. వెళ్తూ వస్తూ ఎవరో ఒకరు దాన్ని వెనక్కి నెడుతుంటారు. ఇప్పుడా ఫ్లాటు కూడా వదలాలి. యజమాని కొడుకుకు పెళ్లి కుదిరింది, సంవత్సరాంతానికి ఖాళీ చేయమన్నాడు.

ఈ రెండు నెలల్లో పదకొండు ఇళ్లు చూశారు. పదకొండింటికీ ఖాదిర్ వంకలు పెట్టాడు. ఒకదానికి పడమటి ఎండ. ఒకదానికి పక్కింటి కుక్క. ఇంకోదానికి ఏ లోపమూ దొరక్క, ఇంత బాగుందంటే లోపల ఏదో ఉండి ఉంటుందన్నాడు. అసలు సంగతి ఏ వంకలోనూ లేదు. రెండేళ్లలో హైదరాబాదు వెళ్లిపోతామని వచ్చిన ఏడాదే అన్నాడు. ఏటా అదే మాట, అవే రెండేళ్లు. ఇల్లు కొంటే ఆ మాట ఇంకెప్పుడూ అనడానికుండదు.

నిగార్ ఇదంతా ఎప్పుడో కనిపెట్టింది. “పోయినసారి పోయినం గద మెహదీపట్నం. ఏంజేసిన్రు? రెండోరోజు ఎండ అన్నరు. మూడోరోజు లక్డీకాపూల్ కాడ ఆటోల కూసొని, అచ్చం సెంబవాంగ్ లెక్కనే ఉందన్నరు. ఐదోరోజు పొద్దుగాల లేచి కోపీ కావాలె అన్నరు. మా వదిన పాపం కాఫీ పెట్టిస్తే, ఇది కాదు, సింగపూర్ కోపీ అన్నరు. మీకు హైదరాబాదు కావాలంటే సింగపూర్‌ల ఉండాల్సిందే.”

లోపలి గదిలోంచి జైద్ పకపకా నవ్వాడు. వాడికి పద్నాలుగేళ్లు, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. గడప దగ్గరికి వచ్చి, “బట్ అబ్బా, ఇఫ్ వీ మూవ్, మెహదీపట్నం ఆల్సో మూవ్ ఆ?” అని అడిగాడు.

“మెహదీపట్నం జరగదు,” అన్నాడు ఖాదిర్. “అది ఇల్లు. అక్కడ్నుంచే బస్సు మొదలైతది. మిగతావి జరుగుతయి.”

నిగార్ ఫ్రిజ్ తలుపు వేసింది. ఫ్రేము ముందుకు జరిగింది. ఈసారి దాన్ని ఎవరూ వెనక్కి నెట్టలేదు.

శుక్రవారం రైల్లో ఖాదిర్ డ్యూటీ సరిగ్గా సాగలేదు. కాన్‌బెర్రా వచ్చేసరికి అసెంబ్లీ అనాలో వద్దో తేల్చుకోలేక ఉంగరం కొట్టకుండా ఊరుకున్నాడు. రైలు అతని అనుమతి లేకుండానే కదిలింది. యీషున్‌లో తలుపులు తెరుచుకుంటే అలవాటు లేని కళ్లతో ప్లాట్‌ఫారం వైపు చూశాడు. స్కూలు పిల్లలు, కూరగాయల సంచి లాక్కుపోతున్న ఒక ముసలావిడ, హెల్మెట్లు చేతిలో పట్టుకుని తెలుగులో ఏదో పందెం గురించి వాదించుకుంటున్న ఇద్దరు షిప్‌యార్డు కుర్రాళ్లు. నాంపల్లిలాగా ఏమీ లేదు. ఖాతిబ్ కూడా ఎప్పుడూ నాంపల్లిలాగా లేదు మరి.

ఎందుకో బసవయ్య గుర్తొచ్చాడు. ఏదో పైపులైను కోసం రోడ్డు తవ్వి మాసాబ్‌ట్యాంక్ స్టాపును ఒకసారి చాలా దూరం జరిపారు. రోజూ దిగే ఒక పెద్దమనిషికి కోపమొచ్చింది. ఇది మాసాబ్‌ట్యాంక్ ఎట్లవుతుందని ఫుట్‌బోర్డు మీద అడ్డం నిలబడ్డాడు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. బసవయ్య టికెట్లు కొట్టడం ఆపలేదు. “మీరు దిగిన కాడనే స్టాపు, సాబ్. దిగుండ్రి,” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ పెద్దమనిషి గొణుక్కుంటూనే దిగాడు.

శనివారం ముగ్గురూ కలిసే బయల్దేరారు, విడివిడిగా పంపే ధైర్యం ఎవరికీ లేదు. దారిలో జైద్ ప్రతి స్టేషన్‌లోనూ ఇది పాత పేరా కొత్త పేరా అని అడిగి వాళ్లమ్మతో ఒక మొట్టికాయ వేయించుకున్నాడు.

ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. పాతదే. వంటింటి గచ్చు ఒకచోట పగిలింది, స్నానాలగదిలో పైపు చుక్కలు కారుతోంది. ఖాదిర్‌కు వంకలు వెతుక్కునే పనే లేకుండా ముసలాయన తనే ఒక్కొక్కటీ చూపించాడు. ముప్ఫై ఏళ్లు ఇక్కడే ఉన్నాడట. మోకాళ్లు సహకరించక కూతురి దగ్గరికి వెళ్తున్నాడట. హాలు గోడ మీద ఆయన ఫోటోలు తీసేసిన చోట నాలుగు మేకులు మిగిలాయి. పీకించేస్తాను అన్నాడాయన. వద్దని నిగార్ తొందరగా అంది. తర్వాత చాలాసేపు ఆ గోడ దగ్గరే నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, ఒక మేకును బొటనవేలితో నొక్కి చూసింది.

ఖాదిర్ చూశాడు. చూడనట్టు వంటింట్లోకి వెళ్లాడు.

ఆ కిటికీలోంచి చెట్ల మీదుగా రైలు కట్ట కనిపిస్తుంది. కింద ఆరుబయట బల్ల దగ్గర ఒక యువజంట కూర్చుని పైకి చూస్తున్నారు. పదిన్నరకు వాళ్ల వంతు. జేబులో ఆఫీసు ఫోను అదిరింది. ఈసారి నిజంగానే. ఖాదిర్ దాన్ని తీసి చూసి, ముసలాయన పొయ్యి గట్టు మీద బోర్లా పెట్టాడు. సరిగ్గా అప్పుడే కట్ట మీద ఒక రైలు యీషున్ వైపు నుంచి మెల్లగా కదిలింది. అతని ఉంగరం కిటికీ ఊచ మీద రెండుసార్లు టక్ టక్ మంది.

ఏమైనా లోపం కనిపించిందా అని ఏజెంటమ్మాయి గుమ్మం దగ్గర నుంచి అడిగింది. నిగార్ ఆమె వెనకాలే వచ్చి, భర్త ఏ వంక పెడతాడో వినడానికి సిద్ధంగా చేతులు కట్టుకుని నిలబడింది. జైద్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

ఖాదిర్ గొంతు సవరించుకున్నాడు.

“నిగార్,” అన్నాడు, “రేపట్నుంచి మెహదీపట్నం యీషునే.”