పార్కులో అప్రదక్షిణం

మా ఆయనకు ఎడమవైపు పక్షవాతం వచ్చి కాస్త కోలుకున్నాక రోజూ నడిపించమని డాక్టరు చెప్పారు. సిరిసిల్లలో మా వెనక వీధిలోనే చిన్న పార్కు ఉంది. చదునైన బాట. మామూలు మనిషికి ఒక చుట్టు ఐదు నిమిషాల పని. మేము సగం దాకా పోవడానికే అరగంట పట్టేది.

ఆయన ముప్పై ఏళ్లు సాంచాల మీద బట్ట నేశాడు. నిలబడి నాలుగు మరమగ్గాలను చూసుకునే పని ఇక కుదరదు. షెడ్డు ఆసామి చూడవచ్చి, "కూసోని నూలు కండెలు సుట్టే పనిస్త. గని ఒకరి చెయ్యి పట్టకుంట నువ్వే నడిచి రావాలె. సాంచాల నడుమ నిన్ను పట్టుకునేటందుకు ఎవలున్నరు?" అన్నాడు. ఆ మాట మీదే మేము పార్కుకు పోవడం మొదలుపెట్టాం.

నేను పదిహేనేళ్లుగా భజన మండలిలో ఉన్నదాన్ని. శనివారం పారాయణం, ఏకాదశి ఉపవాసం తప్పను. అందుకే పార్కులోనూ నడిమి పచ్చిక కుడిచేతి వైపు ఉండేలా, ప్రదక్షిణంగానే ఆయన్ను తిప్పాను. అడుగుకొక నామం. ఆయన కుడిచెయ్యి నా భుజం మీద. బాట బయటి అంచు పొడవునా నడుమెత్తు ఇనుప గ్రిల్లు ఉంది గానీ, అది ఆయనకు ఎడమ పక్కన పడేది. ఆ చేతికి పట్టు లేదు. నెల గడిచింది. నా భుజం వాచిందే తప్ప ఆయన తనంతట తాను ఒక్క అడుగు వేయలేదు. నా నామం సరిపోవడం లేదని ఇంకా ఎక్కువ చదివాను.

ఒకనాటి పొద్దున, సగం తిరిగాక, ఆయన్ను గ్రిల్లుకు ఆనించి చెప్పు సవరించుకోవడానికి వంగాను. లేచి చూస్తే ఆయన వెనక్కి మళ్లి, కుడిచేత్తో గ్రిల్లు పట్టుకుని వచ్చిన దారినే పోతున్నాడు.

"ఆగు! ఎటు పోతున్నవయ్యా?"

"గేటు దిక్కు."

"గట్ల ఉల్టా తిరుగుతరా ఎవలన్న? గట్ల తిరిగేది ఎప్పుడో ఎరుకేనా?"

"ఎరుకే. పీనుగ సుట్టు. గని పీనుగ తిరగదు గదనే. నేను తిరుగుతున్న." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు, "నడుమ ఏ దేవుడున్నడో సూపియ్యి. జారుడుబండ, రెండు ఊయలలు."

నాకు ఏడుపొచ్చింది. నా భయం అదే మరి, ఆయన పోతాడేమోనని. బెంచీ మీద కూర్చున్న మా భజన మండలి పెద్దావిడ అంతా విని నవ్వింది.

"చెల్లె, మొన్న శనివారం నువ్వే చెప్పినవ్ గద, దేవుడు లేని జాగ లేదని. మరి గ్రిల్లు అవతల లేడా? మీ ఆయన కుడిచెయ్యి గిప్పుడు గటే ఉన్నది. గది ప్రదక్షిణమే!"

పదిమందికి చెప్పిన మాటను నేనే నమ్మకుండా, నెల రోజులు ఆయన పడిపోయిన చేతి పక్కన ఆసరా పెట్టి తిప్పాను. దేవుణ్ణి పచ్చిక నడుమ కట్టేసింది నేనే. ఆయన వెనకాలే నడిచాను, ముట్టుకోకుండా.

గేటు దగ్గర గ్రిల్లు ఆగిపోతుంది. అవతలి అంచు నుంచి మళ్లీ మొదలవుతుంది. నడుమ నాలుగడుగుల ఖాళీ.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"ఆగు."

గ్రిల్లు వదిలాడు. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి, వెనక్కి లాక్కున్నాను. మొదటి అడుగు పడింది. రెండోది ఈడ్చాడు. మూడో అడుగులో ఒళ్లంతా ఎడమకు ఒరిగింది. పెద్దావిడ బెంచీ మీంచి లేచింది. ఆయన తూలి, నిలదొక్కుకుని, నాలుగో అడుగుతో అవతలి గ్రిల్లును కొట్టినట్టు పట్టుకున్నాడు.

చెమట కారుతోంది. నవ్వుతున్నాడు.

"ఆసామికి ఫోన్ కలుపు."

"గిప్పుడేనా? ఏమని చెప్త?"

"నువ్వేం చెప్పకు. నాలుగడుగులంటే నవ్వుతడు. వచ్చే నెల దసరా అయిన తెల్లారి వస్త, నా కండెలు ఎవలకియ్యద్దని నేనే చెప్త."