భుజం తట్టని రోజు

ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా మోసిన మాట ఇది. కన్నపిల్లలకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో సంగతి. మాది భిలాయి. స్టీలు ప్లాంటులో రిటైరైన రెండేళ్ళకు మా ఆయనకు కళ్ళలో నీటికాసులని తేలింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చేది కనిపించదు. స్కూటరు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఈయన వింటేగా! ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. నేనూ సరేనన్నాను. వెనక కూర్చుని ఆ పక్కలు నేను చూసేదాన్ని. కుడివైపు ఏదైనా వస్తే కుడి భుజం తట్టడం, ఎడమవైపు వస్తే ఎడమ భుజం. ఏడాది పాటు అలాగే బజారుకు వెళ్ళొచ్చాం.

ఆ రోజు చరోదా నుంచి మా మరిది వచ్చాడు. మేం బయల్దేరుతుంటే ఈయన వాడితో అన్నారు.

"ఇది ఎనకాల కూకుంటే ఒకటే బక్‌బక్‌రా. నా భుజాలు వాచిపోతన్నాయి. ముప్పై ఏళ్ళు బండి నడిపినోడికి ఇదేటి నేర్పుద్ది?"

"సరే, ఇంక ముట్టుకోన్లెండి. మీరే చూసుకోండి."

మరిది పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి పరువు కోసం ఇన్నాళ్ళూ దాచాను నేను?

మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు అప్పుడే వదిలారు. రోడ్డు నిండా సైకిళ్ళు. చేతులు ఒడిలో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. ఎడమ సందులోంచి ఒక సైకిలు వచ్చింది, హ్యాండిలుకు టిఫిన్ డబ్బా ఊగుతూ. తట్టడానికి టైముంది. తట్టలేదు. ఒకసారి తగిలితే ఈయనకే తెలిసొస్తుందని అనుకున్నానా? అసలేమీ అనుకోలేదా? ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా నన్ను నేను అడిగి చూసుకున్నా, పంతం అనే జవాబు తప్ప మరొకటి దొరకలేదు.

సైకిలును గుద్ది కింద పడి లేస్తూనే ఈయన అడిగారు, "నువ్వూ సూడనేదేటే?" లేదన్నాను.

ఆ సైకిలు మనిషి కాలు రెండు చోట్ల విరిగింది. తర్వాత కుంటుకుంటూనే డ్యూటీకి వెళ్ళేవాడు. ఆసుపత్రిలో అతని మంచం పక్కన నిలబడి, "గల్తీ మేరీ హై, భయ్యా" అని తప్పంతా తనమీదే వేసుకుని, ఈయన తన జబ్బు సంగతి చెప్పేశారు. పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. స్కూటరు అమ్మేశారు, గడప దాటడమే మానేశారు.

పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "ఆయేల నిన్నూ పడేసినానే, నన్ను మన్నించే" అన్నారు.

మన్నించానన్నాను. నేను, ఆయనను!

మీ ఓదార్పు నాకొద్దు. ఈ మాట ఒక్కసారి నా నోటి నుంచి బయటపడాలి, అంతే. ఆ సైకిలు రావడం నేను చూశాను.