అచ్చు పని

కథ మొదలుపెట్టేముందు ఎంతవరకు ఆలోచించి పెట్టుకుంటారని నన్ను అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను. అబద్ధాలాడానని కాదు. ఏది నిజమో నాకే ఇంకా తేలలేదు. ఆ ప్రశ్నకు నేను మొదటిసారి తెలివిగా జవాబు చెప్పింది ధర్మవరంలో, నా పెళ్ళిచూపుల్లో. ఆ తెలివికి పెళ్ళి తప్పిపోయేదే.

అవి యాభైలు ముగుస్తున్న రోజులు. హిందూపురంలో ఒక అచ్చాఫీసులో కంపోజింగు చేసేవాణ్ణి. బడికీ నాకూ చిన్నప్పుడే అభిప్రాయభేదాలు వచ్చి, పెద్దమనుషుల్లా గొడవ లేకుండా విడిపోయాం. అక్షరాలు మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున వెళితే దీపాలు పెట్టేదాకా సీసపు అక్షరాలు ఏరి పేర్చడమే పని. పెళ్ళిపత్రికలు, సినిమా కరపత్రాలు, ఎద్దుల సంత నోటీసులు. ఊళ్ళో అందరికీ తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు గనుక ఏ భాషలో తప్పు పోయినా పట్టుకొచ్చి మొహాన పెట్టేవాళ్ళు. తీరిక దొరికితే కథలు రాసేవాణ్ణి. కొన్ని వారపత్రికల్లో పడ్డాయి. దాంతో మా వీధిలో నాకు భయం కలిసిన గౌరవం ఏర్పడింది. నేను అరుగు మీద కూర్చుంటే పక్కింటి మొగుడూ పెళ్ళాలు లోపలికి వెళ్ళి పోట్లాడుకునేవాళ్ళు.

నాదొక పద్ధతి అని చెప్పుకోవడం కూడా ఎక్కువే. ఎవరిదో ఒక మాట చెవిన పడితే దాన్ని పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. తర్వాత ఏమవుతుందో రాస్తూంటే తెలిసేది. ఒక్కోసారి రాసినా తెలిసేది కాదు. పెనుకొండలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆయన ఇంటికి ఎదురుగా ఒక బడి అయ్యవారు ఉండేవాడు. ఆయనా కథలు రాసేవాడు. కథలో ప్రతి మనిషికీ జాతకం వేస్తే గానీ మొదటి వాక్యం రాసేవాడు కాదు. నాయిక నక్షత్రం, నాయకుడి రాశి, అత్తగారికి నడుస్తున్న దశ, అన్నీ గుణించి చూసుకోవాల్సిందే.

"ఏమయ్యవారూ, మీ కథ యాడిదాకా వచ్చింది?" అని అడిగితే, "యాడప్పా, ఆ పిల్లకు శని వదిలేదాకా పెండ్లి చేసేకి లేదు" అని నిజమైన దిగులుతో చెప్పేవాడు.

నవ్వుకున్నాను గానీ, ఆయన కథలు ఎక్కడా తొణక్కుండా చక్కగా నడిచేవి. నేనూ ఒకసారి మొత్తం ముందే అనుకుని రాయబోతే సగంలోనే నిద్ర వచ్చింది. రాసేవాడికే నిద్ర వస్తే చదివేవాడి గతేమిటి? అట్లాగని ముందేమీ అనుకోకుండా రాసినవి అన్నీ మేలుకునే ఉన్నాయా అంటే అదీ లేదు. ఈ తికమకలో ఉండగానే ధర్మవరం నేతవాళ్ళ ఇంటి సంబంధం కదిలింది.

మాదీ నేతవాళ్ళ కులమే. అయితే మా నాయన మగ్గం వదిలేసి బెల్లం మండీలో చేరాడు, నేను మగ్గం చప్పుడు వినకుండానే పెరిగాను. ఆ అమ్మాయిని అంతకుముందే ఒక పెళ్ళిలో చూశాను. పంక్తిలో నేనేదో కల్పించి చెబుతూంటే అందరూ నవ్వారు. నీళ్ళు పోస్తున్న ఆమె మాత్రం నవ్వకుండా, "ఆమేల ఏమాయ?" అని అడిగింది. ఆ మీదట ఏమైందో నాకు తెలిస్తే కదా. ఆ పూట అన్నం సహించలేదు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానని మామ చెవిలో వేశాను. ఆయనే మధ్యవర్తి అయ్యాడు.

ధర్మవరానికి పాసింజరులో పోతూ మామ ధైర్యం చెప్పాడు. "నువ్వేం బెదరొద్దు. మా పిల్లోడు అచ్చు పనిలో పేరు తెచ్చుకున్నాడని చెప్పినా. పిల్ల నాయన చానా సంతోషపడినాడు."

అచ్చు పని అంటే అంత సంతోషపడే మామగారు దొరకడం నా అదృష్టమనుకున్నాను. చూపిద్దామని నా కథ పడిన వారపత్రిక ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఇంట్లో ముందు గదంతా మగ్గమే. సగం నేసిన ఎర్ర పట్టుచీర దాని మీద ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టాక, అమ్మాయి అవ్వ మా మామను వక్కాకు వేసుకుందాం రమ్మని బయట పందిట్లోకి పిలుచుకుపోయింది. గదిలో పిల్ల నాయనా నేనూ మిగిలాం. లోపల కండెలు చుట్టే రాట్నం తిరుగుతున్న చప్పుడు. తిప్పుతున్నది ఆమేనని నాకు నేనే నిర్ణయించుకుని వీపు నిటారుగా పెట్టుకున్నాను.

"అచ్చు పనిలో ఎన్నాళ్ళ నుంచి ఉండావప్పా?" అన్నాడు ఆయన.

"బడి మానేసినప్పటి నుంచి ఆడే."

నా వేళ్ళ వైపు చూశాడు. "నల్లగా ఉండాయే. రంగుల పని కూడా చేస్తావా?"

"మామూలు దినాల్లో నలుపొకటే. పెండ్లిండ్ల కాలమొస్తే ఎరుపు, పసుపు కూడా వేస్తాం."

తృప్తిగా తల ఆడించాడు. "సొంతంగా కూడా చేస్తావంట. మీ మామ చెప్పె."

ఇది కథల సంగతి అనుకున్నాను. "చేస్తా. కొంచెం పేరు కూడా పడింది."

"అయితే ఒకటి అడుగుతా. పని ఎత్తుకునేముందు ఏమేం చూసుకుంటావు?"

అయ్యవారి జాతకాలు గుర్తొచ్చాయి. నాకు అట్లాంటివేమీ అక్కర్లేదని గొప్పగా చెప్పాలనిపించింది. నేతవాళ్ళ ఇంట్లో నేత మాటల్లో చెబితే చమత్కారంగా ఉంటుందని కూడా తోచింది. అక్కడే చెడింది.

"ఏమీ చూసుకోను. ఒక్క పోగు చేతికి దొరికితే చాలు, పట్టుకుని పోతాండడమే."

"కొస యాడికొస్తుందో చూడకుండానా?"

"కొస ముందే తెలిస్తే ఇంక చేసేదేంటికి? విసుగు."

"నడాన తెగితే?"

"ఇంకోటి తెచ్చి అతికిస్తా. చూసేవాల్లకు తెలీదు."

"రంగు కలవకపోతే?"

"కలవకపోతేనే బాగుంటాది. జనం దాన్నే మెచ్చుకుంటారు."

ఆయన భుజం మీది తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "సగంలో నిలిచిపోయినేవి ఏమన్నా ఉండాయా?"

"చానా ఉండాయి. అటక మీద ఎలకలకు పెట్టినా."

"ఇంతకీ సరుకు ఎవురిస్తారప్పా నీకు?"

"ఒకరిచ్చేదేముంది. పక్కిండ్లల్లో దొరుకుతాది. వాల్లు చూడనప్పుడు తెచ్చుకుంటా."

"వాల్లు గుర్తుపట్టరా?"

"రంగు మార్చేస్తా కదా."

లోపల రాట్నం ఆగింది. ఆయన లేచి పందిట్లోకి వెళ్ళిపోయాడు. కాఫీ వాసన వచ్చింది, కాఫీ మాత్రం రాలేదు. కాసేపటికి మామ వచ్చి నా రెక్క పట్టుకుని లేపాడు.

స్టేషన్ దారిలో సగం దూరం దాకా ఆ పట్టు వదలకుండా లాక్కుపోయాడు. తర్వాత ఆగి అడిగాడు. "ఏం చెప్పినావురా ఆయప్పకు?"

"రాసే పద్ధతి అడిగితే చెప్పినా."

"మీవాడు ఊరోల్ల పట్టు దొంగిలించి ఎలకలకు పెడతాడంట కదా అని అడిగె అవ్వ నన్ను."

నాకేమీ అర్థం కాలేదు. నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా మామకు అప్పజెప్పాను. వింటూ వింటూ ఆయన దారి పక్క రాయి మీద కూలబడ్డాడు. అప్పుడు తెలిసింది. ధర్మవరంలో అచ్చు వేరు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, దాని ఒక్కొక్క పోగు కొసకూ కొత్త పోగును వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. దాన్ని అచ్చులతకడం అంటారు. ఒక్క పోగు తప్పినా చీరంతా తప్పుతుంది. పట్టు షావుకారుది, నమ్మి ఇంట్లో పెట్టి పోతాడు. మామ చెప్పిన అచ్చు పని వాళ్ళకు అట్లా వినబడింది. ఆ పని చేసేవాడు ఎంత ఓపికమంతుడై ఉండాలో, నేను సరిగ్గా దానికి విరుద్ధంగా నన్ను నేను వర్ణించుకున్నాను.

"పోనీలే, ఇంకో పిల్ల దొరకదా," అన్నాడు మామ. పాసింజరు కూత వినబడుతోంది.

"నేను వెనక్కి పోతాండా. నువ్వొస్తే రా, లేకుంటే లేదు" అన్నాను. ఆయన గొణుక్కుంటూనే వచ్చాడు.

మళ్ళీ మమ్మల్ని చూసి పిల్ల నాయన గడపలోనే నిలబడ్డాడు. నేను జేబులోంచి వారపత్రిక తీసి ఇచ్చాను. "నా అచ్చు ఇదండీ. పోగులది కాదు, అక్షరాలది. నేను దొంగిలించేది పట్టు కాదు, మాటలు."

ఆయన పత్రికను అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం తేటపడినట్టే పడి మళ్ళీ ముడుచుకుంది. "అంటే నువ్వు చెప్పిండేదంతా నిజమేనా? కొస తెలీకుండానే ఎత్తుకుంటావా? పక్కింటోల్లవే తెచ్చుకుంటావా?"

"నిజమే."

"పట్టైతే తూకమేసి కనుక్కోవచ్చు. మాట పోయిందని మాకెట్ల తెలుస్తాదప్పా?"

మామ వైపు చూస్తే ఆయన మగ్గం వైపు చూస్తున్నాడు. పిల్ల నాయన పత్రికను లోపలికి అందించాడు. అమ్మాయి చదువుతున్నంతసేపూ, పందిట్లోంచి వచ్చిన అవ్వతో కలిపి నలుగురం ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. నా కథ అంత పొడుగుదని నాకు అప్పటిదాకా తెలియదు.

చదివి తలుపు పక్కకు వచ్చింది. "ఇది అయిపోలేదు" అంది.

"అయిపోయిందనే వేసినారు" అన్నాను.

"మొగుని దెబ్బలకు ఓర్చలేక ఆయమ్మ పెనుకొండలో బస్సెక్కింది. యాడ దిగిందో రాయలేదే."

నిజమే. రాయలేదు. బస్సెక్కించాక నాకు ఇంకేమీ తోచక చుక్క పెట్టాను. సంపాదకుడు దాన్ని లోతైన ముగింపు అని మెచ్చుకున్నాడు కూడా. "నాకూ తెలీదు" అన్నాను. పిల్ల నాయన పెద్దగా ఊపిరి వదిలాడు.

"తెలుసుకోని రమ్మను" అంది ఆమె, నాతో కాదు, అవ్వతో.

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగి నేరుగా అయ్యవారి దగ్గరికి పోయాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఎక్కడ దిగుతుందో ముందే తెలుసుకోవాల్సి వచ్చింది. ఆయన ఎంతో సంబరంగా ఆయమ్మకు జాతకం వేసి, ఈ దశలో తూర్పు ప్రయాణమే, గోరంట్లలో దిగుతుందని తేల్చాడు. గోరంట్లలో ఎందుకు దిగాలో నేను కల్పించాను. అక్కడ ఆమెకు ఒక అక్క, అక్కకు ఒక అంగడి, అంగట్లో వీళ్ళిద్దరూ. మళ్ళీ ధర్మవరం పోయేదాకా దానికి గోడలూ కప్పూ కడుతూనే ఉన్నాను. ఎక్కడా సందు లేదు.

ఈసారి కాఫీ ఇచ్చారు. నేను మొత్తం చెప్పాను. తలుపు పక్క నుంచి ఆమె విని, "అక్క ఉంటే మొగుడు కొట్టిన మొదటిసారే పోయుండేది కదా" అంది.

కట్టిన ఇల్లంతా ఒక్క మాటకు కూలింది. ఇంక లేద్దామని మామ మోకాలు తట్టాను. పిల్ల నాయన లేవలేదు. తలుపు వదిలి కదలని కూతురి వైపు ఒకసారి చూసి, మా మామతో, "మంచి దినం చూసుకోని రాండి బావా" అన్నాడు.

జవాబు తప్పైతే పిల్లనెందుకు ఇస్తున్నాడో నాకు బోధపడలేదు. తెలీదన్నప్పుడు ఊపిరి వదిలిన మనిషే ఇప్పుడు బావా అంటున్నాడు. మామ సంతోషంతో నా వీపు చరుస్తున్నాడు, నాకు మాత్రం ఆ బస్సు కళ్ళ ముందు పోతూనే ఉంది.

"అయితే ఆయమ్మ యాడ దిగింటుందంటావు?" అని తలుపు వైపు అడిగాను.

"దిగేదాకా ఏంటికి? అసలు బస్సెక్కనే లేదేమో" అంది.