వదినె గట్టు మీది చేదాకు

చాయ్‌లో ముంచిన బిస్కెట్ సగం విరిగి గ్లాసు అడుక్కు పోయింది. ఇప్పటి బిస్కెట్లకు నడుమే లేదు. వేలు పెట్టి వెతుకుతుంటే అన్న వాళ్ళ ఊరు న్యాల్‌కల్ నుంచి ఫోనొచ్చింది. మా వదినె పోయిందట, నిద్రలోనే. చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

ఆమె బీదర్ వైపు పిల్ల. పెళ్ళయి వచ్చిన కొత్తలో జొన్నరొట్టె మీద ఏదో పచ్చి ఆకు పెట్టుకుని, ఉప్పూ ఉల్లిగడ్డతో తింటుంటే చూశాను.

"మా అన్న పిల్లను తెచ్చిండా, మేకను తెచ్చిండా?" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె తలెత్తకుండా నాకూ ఒక ఆకు అందించింది.

"నీ నోరు మస్తు ఆడ్తుంది మర్ది. జర ఇది నములు."

నమిలాను. పొద్దంతా నోరు చేదు.

దాన్ని బీదర్ దిక్కు వాళ్ళు హక్కరికె అంటారు. మేం కలుపు అనేవాళ్ళం. ఆకులు నేలకు అతుక్కుని చుట్టూ పరుచుకుంటాయి, అంచులు ఎలుక కొరికినట్టు. తుంపితే పాలు కారి వేలికి జిగురవుతుంది. పసుపు పువ్వు పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఒక్కో రేకూ ఒక్కో పువ్వేనని ఆమే విప్పి చూపించింది. "మనింటోళ్ళ లెక్క. దూరం నుంచి చూస్తే ఒక్కటే," అనేది.

పంట పొలం వాళ్ళది, కూర వంగినోళ్ళది. మా దిక్కు పద్ధతి అది. ఆమె చెలక గట్టు మీద ఎవరైనా కోసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం చెప్పేది: "వేరు పీకకున్రి. పూలు జర ఇడిసిపెట్టున్రి, గవే వచ్చే ఏటి కూర."

పదో దినం భోజనాలయ్యాక ఆమె కొడుకు అన్నాడు, "కాక, ఈసారి గట్టు మీద గూడ గడ్డి మందు కొడ్త. ఆ కలుపు అల్లం మళ్ళలకు పాకుతుంది."

"మీ అమ్మ కూర రా అది."

"అమ్మనే లేదు గద. ఇంక ఎవరు తింటరు?"

వాడు నా వైపు చూడలేదు. నేను ధోతి దులుపుకుని లేచాను.

నెల మాసికానికి పోతే వదినె కోడలు నా చేయి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయింది. గులాబీ కుండీలో, కరివేపాకు డబ్బాలో అవే ఆకులు, చిన్నచిన్నవి.

"చూడు మామ, అత్తమ్మ ఇంటికే వచ్చింది. లేకుంటే ఎవరు ఏసిన్రు చెప్పు?"

కొడుకు వంగి ఒక ఆకు తుంపాడు. వేలి మీది పాలచుక్క ఆరేదాకా చూశాడు. తర్వాత మందు డబ్బా దుకాణంలో వాపసు ఇచ్చి వస్తానని బండి తీశాడు.

ఆ పదో దినం అందరూ కునుకు తీస్తుంటే గట్టు మీదికి పోయి, ఎండిన పూల దూదిని ధోతి కొంగులో మూటగట్టుకొచ్చి, కుండీల మీద బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదింది నేనే. అన్నీ దిగాయి గానీ, ఒక గింజ తన తెల్ల గొడుగు పట్టుకుని గోడ దాటి పక్కింటి వైపు పోయింది. అది ఎవరి వాకిట్లో దిగిందో ఇంకా తెలియదు.