దాలినాయుడు గారి ఫియట్‌కు తనిఖీ

రైల్వే గుమాస్తాగా పదవీ విరమణ పొందిన శ్రీ దాలినాయుడు గారు, ఏ కుర్చీనైనను రుమాలుతో రెండుమార్లు తుడిచి గాని కూర్చొనరు. మామగారి ద్వారా సంక్రమించిన అరువది యేండ్ల ఫియట్‌తో వారు బిష్టుపూర్‌లోని పాత కార్ల సంఘమున సభ్యత్వము కోరిరి. ఆదివారము సంఘ కార్యదర్శి తనిఖీకి వచ్చునని తెలియగనే, కొలువులోని ఆనవాయితీ ప్రకారము కారంతటికి కొత్త రంగు వేయించి, చక్రములకు సున్నపు అంచులు దిద్దిరి.

కార్యదర్శి సోమశేఖర్ కారును చూచి తల పట్టుకొనిరి. "ఎంత పని చేశారండీ. పాత రంగు కొంతైనా మిగిలి ఉంటేనే సభ్యత్వం."

"ఇంకా నయం బాబూ, కదలకండా కూకుంటే నాకూ ఓ పూత ఏసీసేవోరు," అని గుమ్మమునుండి భార్య అసిరమ్మ గారు పలికిరి.

నాయుడు గారు సంకోచముతో డిక్కీ తెరచిరి. లోపల మొదటినాటి లేత నీలిరంగు చెక్కుచెదరక యున్నది. సోమశేఖర్ ముఖము వికసించెను.

"ఇక్కడ ఎందుకు వదిలేశారు?"

"ముప్పయ్యారేళ్ళ సర్వీసులో ఏ సాహెబూ ఎనక తలుపు తీసి చూణ్ణేదు బాబూ," అని వారు నేరము ఒప్పుకొనునట్లు విన్నవించిరి.

సభ్యత్వము తత్‌క్షణమే మంజూరైనది. ఇప్పుడు ప్రతి ప్రదర్శనలోను కార్లన్నియు జనమునకు ముఖము చూపి నిలుచును. నాయుడు గారిది మాత్రము వెనుక చూపి, డిక్కీ తెరచుకొని నిలుచును.