బాపు సుత్తె

డెబ్బయ్యో దశకంలో ఒకనాడు బోధన్ నుంచి వర్ని వెళ్లే బస్సులో, నక్షత్రాల వెలుగును ఫోటో పట్టిన గాజు పలకల పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ముందు చెరుకు బండ్లు ఉండటంతో బస్సు మెల్లగా పోతోంది. పక్కన ఒక కమ్మరి, పగిలిన సుత్తెను తువ్వాలలో చుట్టి పట్టుకున్నాడు.

"అండ్ల ఏమున్నది సారూ?"

"మన పక్కనే ఉన్న ఒక చిన్న గెలాక్సీ చుక్కలన్నా. వాటిల ఇనుము బాగ తక్కువ. ఎందుకో చూస్తున్న."

"చుక్కలకు ఇనుము యాడికెల్లి వస్తది?"

"అంతకుముందు సచ్చిపోయిన చుక్కల నుంచి."

ఆయన తలూపాడు. "కొత్తగ కట్టిన ఊర్ల గూడ గంతే. పాత నాగలి కర్రులు, అరిగిన కొడవండ్లు ఉంటెనే కొత్తయి సాగదీస్తం. ముందటోళ్లు లేనికాడ ఇనుము యాడ దొర్కుతది?"

కాసేపటికి తువ్వాల విప్పాడు.

"మా బాపుది. ఆయన పోయి ఏడాదైంది. కొలిమిల పెట్టి వేరేది చేసెతందుకు చేతులొస్తలేవు."

రుద్రూర్‌లో దిగేముందు ఆయన సుత్తెను కళ్లకద్దుకున్నాడు.

"దీన్ని కర్రు చేస్త," అన్నాడు.

ఇంటికి వచ్చాక, మా బాపు పోయినప్పటి నుంచి మూడేళ్లుగా బీరువాలో ఉన్న ఆయన చేతి గడియారం తీసి కీ ఇచ్చాను.